అమ్మకానికీ హద్దులున్నాయి

వ్యాపారం చెడ్డదని ఇస్లాం ఎన్నడూ చెప్పలేదు. దైవప్రవక్త (స) తమ ప్రవక్త పదవికి పూర్వం హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకు తీసుకుని సిరియా ప్రాంతానికి వెళ్ళి వర్తకం చేసినవారే. మక్కా నుంచి కట్టుబట్టలతో మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గారికి ఒక అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన ఆ సోదరుణ్ణి దీవించి, బజారుకు దారి చూపిస్తే చాలునన్నారు. నిజం చెప్పి సంపాదించిన రూపాయిలో బర్కత్ ఉంటుందని మన పెద్దలు చెబుతూనే వచ్చారు. కాబట్టి అమ్మడం, కొనడం గురించి మనకు సందేహం లేదు. సందేహమల్లా ఎలా అమ్మాలి, ఎవరికి అమ్మాలి, ఎంతవరకు అమ్మాలి అన్న విషయంలోనే.

ఈ మూడు ప్రశ్నలనూ కలిపి నేడు ‘మార్కెటింగ్’ అంటున్నారు. కళాశాలల్లో పాఠంగా బోధిస్తున్నారు. దాని పక్కనే ‘సామాజిక బాధ్యత’ అనే మరో పాఠం కూడా ఉంది. మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజ హితానికి ఖర్చు చేయాలి. మంచి నియమమే. అయితే లాభం చేతికి వచ్చాక అందులో కొంత పంచిపెట్టడం ఒక విషయం. ఆ లాభం వచ్చిన దారి సరైనదేనా అని చూసుకోవడం మరో విషయం. మొదటిది ఎంత చేసినా రెండోదానికి బదులు కాదు. దొంగసొమ్ముతో జకాత్ ఇస్తే అది చెల్లుతుందా?

ఈ రెండో ప్రశ్న ఎంత లోతైనదో తెలియాలంటే ఒకే ఒక్క వస్తువు చరిత్ర చూస్తే చాలు. అది మన ఇళ్ళలో, మన వీధి చివరి మందుల షాపులో కనిపించే పసిపిల్లల పాలపొడి డబ్బా.

మంచి ఉద్దేశంతోనే మొదలైంది

1867లో స్విట్జర్లాండులోని వెవే పట్టణంలో హెన్రీ నెస్లే అనే మందుల తయారీదారు ఆవుపాలు, గోధుమపిండి, చక్కెర కలిపి పసిపిల్లలకు ఒక ఆహారం తయారుచేశాడు. ఆ కాలంలో ఐరోపాలో శిశుమరణాలు ఎక్కువ. తల్లి చనిపోయిన బిడ్డకు, తల్లి పాలు దొరకని బిడ్డకు అది ఆధారమైంది. అందులో తప్పేమీ లేదు. నేటికీ తల్లిలేని బిడ్డకు, వైద్య కారణాల వల్ల తల్లి పాలివ్వలేని బిడ్డకు పాలపొడి అవసరమే. ఆ అవసరాన్ని ఎవరూ కాదనరు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అలాంటి బిడ్డలు ఏ ఊళ్ళోనైనా కొద్దిమందే ఉంటారు. కొద్దిమందికే అమ్మితే వ్యాపారం పెరగదు. పెరగాలంటే తల్లి పాలు తాగుతున్న బిడ్డ చేత కూడా డబ్బా పాలు తాగించాలి. ఇక్కడ పోటీ మరో కంపెనీతో కాదు, తల్లితోనే. పైగా ఈ పోటీలో తల్లి తరఫున మాట్లాడేవారు ఎవరూ లేరు. తల్లి పాలకు ధర లేదు, దుకాణం లేదు, కమీషన్ లేదు. కనుక వాటికి వాణిజ్య ప్రకటన కూడా లేదు.

1939లోనే ఒక వైద్యురాలు ఈ ప్రమాదాన్ని గుర్తించారు. సిసిలీ విలియమ్స్ అనే ఆ పిల్లల డాక్టరు జమైకాలో పుట్టి, ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టులో, తర్వాత మలయాలో పనిచేశారు. సింగపూరు రోటరీ క్లబ్బులో మాట్లాడుతూ, పసిపిల్లలకు డబ్బా పాలు పట్టమని జరుగుతున్న తప్పుడు ప్రచారాన్ని హత్యగానే భావించాలని ఆమె కుండబద్దలు కొట్టారు. ఎదుట కూర్చున్నది వ్యాపార ప్రముఖులు. ఆనాడు ఆమె మాట ఎక్కువమంది చెవిన పెట్టలేదు.

తెల్ల దుస్తుల్లో వచ్చినవారు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఐరోపా, అమెరికాల్లో పుట్టే పిల్లల సంఖ్య ఒక దశలో తగ్గుముఖం పట్టింది. కంపెనీలు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల మీద దృష్టి పెట్టాయి. అక్కడ అనుసరించిన పద్ధతులు మనం తెలుసుకోవాలి.

మొదటి పద్ధతి: నర్సు దుస్తులు వేసుకున్న స్త్రీలను ఆసుపత్రులకూ, బాలింతల ఇళ్ళకూ పంపారు. వారిలో కొందరు నిజంగా నర్సు శిక్షణ పొందినవారే. కానీ వారికి జీతం ఇస్తున్నది కంపెనీ. ఆ సంగతి తల్లికి తెలియదు. తెల్ల దుస్తులు చూసి ఆసుపత్రి మనిషే అనుకుంటుంది, చెప్పిన మాట నమ్ముతుంది.

రెండో పద్ధతి: ప్రసవం కాగానే ఉచితంగా ఒక చిన్న డబ్బా చేతిలో పెట్టడం. ఇది దయగా కనిపిస్తుంది. దీని లోగుట్టు తెలియాలంటే అల్లాహ్ తల్లి శరీరంలో పెట్టిన ఏర్పాటు తెలియాలి. బిడ్డ ఎంత చప్పరిస్తే అంత పాలు ఊరుతాయి. చప్పరించడం తగ్గితే పాలూ తగ్గుతాయి. వారం రోజులు బిడ్డ సీసాకు అలవాటుపడితే తల్లి దగ్గర పాలు తగ్గిపోతాయి. సరిగ్గా అప్పటికి ఉచిత డబ్బా ఖాళీ అవుతుంది. రెండో డబ్బాకు డబ్బు పెట్టాలి. అప్పుడు కొనక తప్పదు. బావిని పూడ్చి, ఆ ఇంటివారికే బిందె లెక్కన నీళ్ళు అమ్మినట్టు అయింది.

మూడో పద్ధతి: బొద్దుగా నవ్వుతున్న పిల్లవాడి బొమ్మను డబ్బా మీద, గోడల మీద, ఆసుపత్రి వరండాలో వేయడం. చదువురాని తల్లికి ఆ బొమ్మే సలహా, ఆ బొమ్మే హామీ.

ఫలితం ఏమైంది? పాలపొడిలో విషం లేదు. కానీ దానిలో కలిపే నీళ్ళు శుభ్రంగా లేవు. సీసా మరిగించడానికి కట్టెలు చాలలేదు. డబ్బా ఖరీదు ఇంటి సంపాదనకు మించిపోతే, తల్లి నాలుగు చెంచాలు వేయవలసిన చోట రెండు చెంచాలు వేసింది. బిడ్డ కడుపు నిండింది, ఒంటికి బలం మాత్రం రాలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లల వైద్యుడు డెరిక్ జెల్లిఫ్ దీనికి ఒక పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే, వ్యాపారం పుట్టించిన పోషకాహార లోపం.

కోర్టులో గెలిచి, మాటలో ఓడి

1974లో బ్రిటన్‌లోని ‘వార్ ఆన్ వాంట్’ అనే సంస్థ మైక్ ముల్లర్ రాసిన ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. పాలపొడి కంపెనీలు పేద దేశాల్లో సాగిస్తున్న అమ్మకపు పద్ధతులను అది బయటపెట్టింది. స్విట్జర్లాండులోని ఒక యువజన బృందం దాన్ని జర్మన్ భాషలోకి అనువదించి, నెస్లే పసిపిల్లలను చంపుతోందన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. కంపెనీ పరువునష్టం దావా వేసింది. 1976లో బెర్న్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ పేరు పెట్టడం పరువునష్టమేనని, బృంద సభ్యులకు తలా 300 ఫ్రాంకుల జరిమానా విధించింది. అయితే కంపెనీ కూడా తన ప్రకటనల పద్ధతిని మూలంనుంచి మార్చుకోవాలని న్యాయమూర్తి హితవు చెప్పారు. కంపెనీ కేసు గెలిచింది కానీ సంగతి లోకమంతా తెలిసిపోయింది.

1977 జూలై 4న అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో నెస్లే వస్తువుల బహిష్కరణ మొదలైంది. చర్చీలు, విద్యార్థులు, గృహిణులు అందులో చేరారు. మరుసటి సంవత్సరం 1978లో అమెరికా సెనేట్‌లో ఎడ్వర్డ్ కెన్నెడీ అధ్యక్షతన విచారణ జరిగింది. శుభ్రమైన నీళ్ళు లేని చోట, చదువురాని జనం మధ్య ఈ వస్తువు అమ్మవచ్చునా అని ఆయన ప్రశ్నించారు. అక్కడి నీళ్ళ బాధ్యత తాము ఎలా వహించగలమన్న ధోరణిలో కంపెనీ ప్రతినిధి జవాబిచ్చారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ జవాబు పూర్తిగా అబద్ధం కాదు. ఊరికి మంచినీళ్ళు ఇవ్వవలసింది ప్రభుత్వం. సీసా కడగవలసింది తల్లి. పొడి కొలత ప్రకారం కలపవలసిందీ తల్లే. కంపెనీ అమ్మింది కల్తీలేని సరుకు. మరి చనిపోయిన బిడ్డ ఎవరి లెక్కలో చేరాలి? నేటి వ్యాపార ప్రపంచంలోని అసలు ప్రశ్న ఇదే. సరుకు గడప దాటిన తర్వాత దాని పర్యవసానం అమ్మినవాడి బాధ్యత అవునా, కాదా?

హజ్రత్ ఉమర్ (రజి) ఏం చేశారు?

ఈ ప్రశ్నకు జవాబు మన చరిత్రలోనే ఉంది. అది కూడా పాలు తాగే బిడ్డ విషయంలోనే కావడం గమనార్హం.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో బైతుల్ మాల్ నుంచి పిల్లలకు భత్యం ఇచ్చేవారు. తల్లి పాలు మానిన పిల్లలకే ఆ భత్యం అన్నది నియమం. నియమం పెట్టినవారి మనసులో చెడు లేదు. పాలు తాగే బిడ్డకు వేరే ఆహారం అక్కర్లేదు గదా అన్నదే ఆలోచన. ఇబ్నె సఅద్ వంటి చరిత్రకారులు రాసిన కథనం ప్రకారం, ఒక రాత్రి మదీనా వెలుపల ఒక వర్తక బిడారు దిగింది. వారి సరుకుకు కాపలాగా హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మేలుకుని ఉన్నారు. ఒక బిడ్డ ఏడుపు వినిపించింది. ఉమర్ (రజి) వెళ్ళి బిడ్డను చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు. మళ్ళీ వెళ్ళారు. మూడోసారి మందలించేసరికి ఆ తల్లి విసుగుతో అసలు సంగతి చెప్పింది. బిడ్డ చేత పాలు మాన్పిస్తున్నానని, పాలు మానిన పిల్లలకు తప్ప ఉమర్ భత్యం ఇవ్వడని చెప్పింది. ఎదుట ఉన్నది ఉమరేనని ఆమెకు తెలియదు.

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన కన్నీళ్ళ వల్ల పారాయణం వెనుకవారికి స్పష్టంగా వినపడలేదట. నమాజు ముగిశాక తనను తాను నిందించుకున్నారు. తన నియమం వల్ల ఎందరు పసిబిడ్డలు చనిపోయారోనని దుఃఖించారు. పిల్లల చేత తొందరపడి పాలు మాన్పించవద్దని, పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ రోజు నుంచే భత్యం ఇస్తామని చాటింపు వేయించారు. రాజ్యంలోని అన్ని ప్రాంతాలకూ ఉత్తరువు పంపారు.

చూడండి, పాలు మాన్పించింది తల్లి. ఉమర్ (రజి) ఆమెను మాన్పించమనలేదు. నేటి న్యాయవాది అయితే ఆ సంగతే వాదించేవాడు. కానీ తాను పెట్టిన ఏర్పాటే తల్లిని ఆ పనికి నెట్టిందని ఆయన గ్రహించారు. బాధ్యత తనదేనన్నారు. పేద తల్లిని శిక్షించలేదు, నియమాన్నే మార్చారు. 1978 నాటి ఆ విచారణలో వినిపించిన జవాబును, ఫజ్ర్ నమాజు నాటి ఆ కన్నీళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే సామాజిక బాధ్యత అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

లోపం డబ్బాలో లేదు

కొందరు వ్యాపారి మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు, “మౌల్వీసాబ్, కల్తీ చేస్తే హరాం. తూకం తగ్గిస్తే హరాం. సరుకు బాగుంటే ఇంక తప్పేముంది?” అని. ఈ ప్రశ్నకు ఫిఖ్‌లోనే సమాధానం ఉంది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన సంఘటన అందరికీ తెలుసు. అలాగే మరో హదీసు ఉంది. అమ్మబోయే ఒంటె, మేకల పొదుగు కట్టివేసి, పాలు పితకకుండా నిలవబెట్టి, ఎక్కువ పాలిచ్చే జంతువులా చూపించడాన్ని ఆయన నిషేధించారు. అలాంటి జంతువును కొన్నవాడికి మూడు రోజుల గడువు ఇచ్చారు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు, తాగిన పాలకు బదులుగా ఒక సా ఖర్జూరాలు ఇవ్వాలి.

ఇందులో అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు, నోరు కూడా మెదపలేదు. మేక రోగిష్టిదేమీ కాదు. కానీ కంటికి కనిపించే రూపం కొనేవాణ్ణి తప్పుదారి పట్టించింది. దీన్నే ఫుఖహాలు ‘తద్‌లీస్’ అన్నారు. అంటే లోపాన్ని కప్పిపుచ్చి అమ్మడం. అరువు తెచ్చుకున్న నర్సు దుస్తులు, డబ్బా మీది బొద్దు పిల్లవాడి బొమ్మ, ఉచితమంటూ చేతిలో పెట్టిన నమూనా – ఇవన్నీ కట్టివేసిన పొదుగు వంటివే. సరుకులో లోపం లేకపోవచ్చు. అమ్మిన తీరులో లోపం ఉంది.

చట్టం గీసిన గీత

ఈ ఉద్యమాల ఫలితంగా 1981 మే 21న ప్రపంచ ఆరోగ్య సభ ఒక అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 దేశాలు, వ్యతిరేకంగా ఒకే ఒక్క దేశం. ఆ ఒక్కటీ అమెరికా. మూడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఆ సంవత్సరపు సభలో మన ప్రధాని ఇందిరాగాంధీ ప్రసంగించారు. పాలపొడి అమ్మవద్దని ఆ నియమావళి చెప్పలేదు. ప్రజలకు ప్రకటనలు ఇవ్వవద్దని, తల్లులకు ఉచిత నమూనాలు పంచవద్దని, ఆసుపత్రిని ప్రచారానికి వాడవద్దని, వైద్య సిబ్బందికి కానుకలు ఇవ్వవద్దని మాత్రమే చెప్పింది. అంటే అమ్మకాన్ని కాదు, అమ్మకపు ఎత్తుగడలను ఆపింది. 1984లో నెస్లే ఆ నియమాలు పాటిస్తానన్నాక బహిష్కరణ ఆగింది. మాట నిలబెట్టుకోలేదంటూ 1988లో కార్యకర్తలు మళ్ళీ మొదలుపెట్టారు.

మన దేశం 1992లో ఏకంగా చట్టమే చేసింది. 1993 ఆగస్టు 1 నుంచి అది అమల్లో ఉంది. 2003లో సవరించి మరింత బిగించారు. రెండేళ్ళ లోపు పిల్లల పాలపొడి, డబ్బా ఆహారం, పాలసీసా – ఈ మూడింటికీ ఏ రూపంలోనూ ప్రకటన ఇవ్వకూడదు. ఉచిత నమూనాలు, కానుకలు, తగ్గింపు కూపన్లు ఇవ్వకూడదు. పాలపొడి డబ్బా మీద స్త్రీ బొమ్మ గానీ, పసిబిడ్డ బొమ్మ గానీ ఉండకూడదు. తల్లి పాలే మేలన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆసుపత్రిలో పోస్టర్లు పెట్టకూడదు. డాక్టర్లకు కానుకలు, వారి సదస్సులకు కంపెనీ సొమ్ము నిషిద్ధం. ఈ నిబంధనలు మీరితే మూడేళ్ళ దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఆ చట్టంలో మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించిన నిబంధన మరొకటి ఉంది. ఈ సరుకులు ఎంత అమ్మితే అంత కమీషన్ అని కంపెనీ తన ఉద్యోగికి ఇవ్వకూడదు. ఎంత లోతైన ఆలోచన! ఇంటింటికీ తిరిగే ఆ కుర్రవాడి పిల్లల ఫీజు, ఇంటి అద్దె అమ్మకం మీద ఆధారపడితే, వాడి నోట నిజం ఎలా వస్తుంది? మనిషిని అబద్ధం వైపు నెట్టే ఏర్పాటునే చట్టం తీసేసింది. ఇది హజ్రత్ ఉమర్ (రజి) పద్ధతే గదా!

చట్టం ఉంది, కన్ను ఉందా?

1992 నాటి చట్టానికి ముప్పై ఏళ్ళు దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వంటి సంస్థల 2022 నివేదిక ప్రకారం 194 దేశాల్లో 144 దేశాలు ఏదో ఒక చట్టం చేసుకున్నాయి. నియమావళికి చాలావరకు సరిపోయే చట్టం ఉన్నవి మాత్రం 32. వ్యాపారమేమో ఆగలేదు. ‘లాన్సెట్’ వైద్య పత్రిక 2023లో ప్రచురించిన వ్యాసాల ప్రకారం ప్రపంచంలో ఈ పాలపొడి అమ్మకాలు ఏటా సుమారు 5,500 కోట్ల డాలర్లు. అదే పత్రిక 2016లో వేసిన అంచనా ప్రకారం, తల్లి పాలు దాదాపు అందరు పిల్లలకూ అందితే ఏటా 8,23,000 మంది పిల్లల మరణాలను నివారించవచ్చు.

ప్రచారం రూపం మార్చుకుంది. గోడ మీది బొమ్మ ఇప్పుడు సెల్‌ఫోనులోకి వచ్చింది. 2022లో ఎనిమిది దేశాల్లో 8,500 మంది తల్లిదండ్రులను, గర్భిణులను అడిగితే 51 శాతం మంది ఏదో ఒక రూపంలో పాలపొడి ప్రచారం తమను చేరిందన్నారు. గర్భిణి ఫోనులో ఏదో అడిగితే చాలు, ఆ సంగతి కంపెనీ చెవిన పడుతోంది. సలహా చెప్పే సోదరిలా ఒక గొంతు వినిపిస్తుంది. ఆనాటి నర్సు దుస్తులే ఇవి, కాకపోతే బట్ట మారింది.

మరొక సంగతి. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండుకు చెందిన ‘పబ్లిక్ ఐ’ సంస్థ ఒక నివేదిక వెలువరించింది. నెస్లే వారి సెరెలాక్ భారత్‌లో చక్కెర కలిపి అమ్ముడవుతోందని, ఒక్కో వడ్డనలో సగటున 3 గ్రాముల దాకా ఉందని, స్విట్జర్లాండులో ఆ వయసు పిల్లలకు అమ్మేదాంట్లో మాత్రం కలపడం లేదని తెలిపింది. తాము భారతీయ నిబంధనలకు లోబడే ఉన్నామని, అంతకు ముందు ఐదేళ్ళలో చక్కెరను 30 శాతం దాకా తగ్గించామని కంపెనీ చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో చక్కెర కలపని రకాలు తెస్తున్నామని ప్రకటించింది. చట్టాన్ని మీరలేదన్న మాట నిజమే అనుకుందాం. మరి అక్కడి బిడ్డకు ఒక కొలత, ఇక్కడి బిడ్డకు ఒక కొలత ఎందుకు? దివ్య ఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా, తీసుకునేటప్పుడు ఒక కొలత, ఇచ్చేటప్పుడు ఒక కొలత వాడేవారి గురించే కఠినంగా హెచ్చరించింది. కొలత అంటే తక్కెడ ఒక్కటే కాదు.

మన వీధిలో

ఇక దూరదేశాల మాట వదిలి మన ఇళ్ళలోకి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లి పాలు తాగిన పిల్లలు 41.8 శాతమే. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కడుపు కోసి చేసినవే. ఆపరేషన్ అయిన తల్లి నొప్పితో, మత్తుతో ఉంటుంది. బిడ్డ వేరే గదిలో ఏడుస్తుంటాడు. ఆ గంటలోనే ఎవరో ఒకరు ‘పాలు పడలేదు’ అనేస్తారు. మందుల చీటీ మీద ఒక కంపెనీ పేరు కనిపిస్తుంది. కింద ఉన్న షాపులో ఆ డబ్బా సిద్ధంగా ఉంటుంది.

ఇలాంటి ఇళ్ళు మేము ఎన్నో చూశాం. మాకు తెలిసిన ఒక ఆటో నడిపే అబ్బాయి ఇంట్లో ఇదే జరిగింది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో కాన్పు. రెండో రోజే డబ్బా పాలు మొదలుపెట్టించారు. మూడు నెలలు తిరిగేసరికి వారానికో డబ్బా కొనడం వాళ్ళ వల్ల కాలేదు. డబ్బా పది రోజులు రావాలని కోడలు పొడి తగ్గించి నీళ్ళు పెంచింది. బిడ్డకు విరేచనాలై సర్కారు దవాఖానలో చేర్చారు. అల్లాహ్ దయవల్ల బతికాడు. అక్కడి నర్సమ్మ ఆ కోడలికి పది రోజులు ఓపికగా నేర్పించి మళ్ళీ తల్లి పాలు పట్టించింది. కోడలికి పాలు లేక కాదు, చెప్పేవారు లేక డబ్బా వచ్చింది.

కాబట్టి తల్లులను తప్పుపట్టడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో రెండు సంవత్సరాల పాలు పట్టే కాలం గురించి చెబుతూనే, ఆ తల్లి తిండి, బట్ట బాధ్యత తండ్రి మీద పెట్టింది. బిడ్డ కారణంగా తల్లికి గానీ, తండ్రికి గానీ హాని కలగకూడదన్నది. పాలు మాన్పించాలంటే ఇద్దరూ సంప్రదించుకుని నిర్ణయించుకోమన్నది. అవసరమైతే పాలిచ్చే దాదిని పెట్టుకునే అనుమతి ఇచ్చింది. దైవప్రవక్త (స) వారికి పాలిచ్చి పెంచిన హలీమా సఅదియా (రజి) గారి పేరు తెలియని ముస్లిం ఇల్లు లేదు. అంటే పాలివ్వడం తల్లి ఒక్కతె పని కాదు, ఇల్లంతా కలిసి మోయవలసిన బాధ్యత. నలభై రోజుల చిల్లా దాటకముందే కోడల్ని బీడీల చాట ముందు కూర్చోబెట్టి, పాలు లేవని నిందిస్తే ఆ నింద ఎవరికి తగలాలి?

ఎవరి వంతు వారిది

మందుల షాపు నడిపే సోదరులకు మా మనవి ఒకటే. డబ్బా అమ్మడం మానమని అనడం లేదు. చీటీ ఉన్నవారికి, అవసరమున్నవారికి తప్పక ఇవ్వండి. కానీ పసిబిడ్డను ఎత్తుకుని వచ్చిన తండ్రి ‘ఏదైనా మంచి డబ్బా ఇవ్వండి భాయ్’ అన్నప్పుడు, “తల్లి పాలు పట్టిస్తున్నారా? ఒకసారి సర్కారు దవాఖానలో నర్సమ్మను గానీ, ఆశా కార్యకర్తను గానీ అడగండి” అని ఒక్క మాట చెప్పండి. ‘నేను చెప్పకపోతే పక్క షాపువాడు అమ్ముకుంటాడు’ అంటారేమో. పక్క షాపువాడి లెక్క అతనిది. ప్రళయదినాన అతని చిట్టా మన చేతికి ఇవ్వరు. పైగా నిజం చెప్పిన దుకాణదారుణ్ణి జనం మరిచిపోరు. పది రూపాయల లాభం పోయినా పదేళ్ళ నమ్మకం మిగులుతుంది.

వైద్యులకు, నర్సులకు ఇంకా పెద్ద బాధ్యత ఉంది. తల్లి మీ మాటను సలహాగా కాదు, అమానత్‌గా తీసుకుంటుంది. ఆ మాట వెనుక కంపెనీ ఇచ్చిన కానుక గానీ, టిక్కెట్టు గానీ ఉంటే అది అమానత్‌లో ఖియానత్ అవుతుంది.

గల్ఫ్‌లో పనిచేసే తండ్రులకు ఒక మాట. ఇంటికి పంపే పెట్టెలో చాక్లెట్లు, అత్తరుతో పాటు పాలపొడి డబ్బాలు పెట్టడం మనవారికి అలవాటు. పెద్దలు టీలో వేసుకునే ఆ పాలపొడి పసిపిల్లలకు తగినది కాదు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లి పాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదని వైద్యులు చెబుతున్నారు. ఆ తర్వాత ఇంటి తిండి పెడుతూ రెండేళ్ళు, ఆ పైన కూడా తల్లి పాలు ఇవ్వవచ్చు. డబ్బాల ఖర్చు ఆదా చేసి, ఆ సొమ్ముతో బాలింతకు మాంసం, పాలు, పండ్లు తినిపించండి. బిడ్డకు పంపిన కానుక అదే అవుతుంది.

ఆసుపత్రిలో కంపెనీ పోస్టరు కనిపించినా, ఎవరైనా ఉచిత డబ్బా పంచినా చూసీచూడనట్టు పోకండి. జిల్లా ఆహార భద్రతా అధికారికి ఒక కాగితం రాసి ఇవ్వండి. పూర్వం ముస్లిం నగరాల్లో బజారు మీద నిఘా ఉంచడానికి ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. నేడు ఆ పని చట్టం చేయాలి. కానీ చట్టానికి కళ్ళూ చెవులూ మనమే.

మసీదు ఇమాములు జుమా ప్రసంగంలో సంవత్సరానికి ఒక్కసారైనా ఈ విషయం ఎత్తుకుంటే బాగుంటుంది. ఆగస్టు మొదటి వారాన్ని ప్రపంచమంతా తల్లి పాల వారంగా జరుపుకుంటోంది. ఆ వారంలో వచ్చే జుమా దీనికి తగిన రోజు.

లాభం చూడని వ్యాపారి ఉండడు. ఉండనక్కర్లేదు కూడా. కానీ ఏ లాభం మరొకరి బిడ్డ గిన్నెలోని పాలను పలుచన చేసి వస్తుందో, ఆ లాభం ఎంత చట్టబద్ధమైనా మనకు వద్దు. సరుకు గడప దాటాక దాని సంగతి తనకు తెలియదని బజారులో అనవచ్చు. అల్లాహ్ సన్నిధిలో ఆ మాట చెల్లదు.